ప్యానెళ్ల లెక్క కాదు, అతుకుల సంగతి చూడాలి

ఫుట్‌బాల్ ప్రపంచకప్ బంతుల మీద వచ్చిన వ్యాసంలో, ప్యానెళ్లు (బంతి పైపొరగా అతికించే ముక్కలు) తగ్గేకొద్దీ బంతి గాల్లో వంకర్లు పోతుందని రాశారు. అదే నిజమైతే 8 ప్యానెళ్ల జబులానీ (2010 ప్రపంచకప్ బంతి) కన్నా 6 ప్యానెళ్ల బ్రజూకా (2014) ఇంకా ఘోరంగా ఉండాలి. జరిగింది దానికి పూర్తిగా ఉల్టా! అసలు కిటుకు అతుకుల మొత్తం పొడవులో, లోతులో ఉంది. జబులానీ అతుకులన్నీ కలిపితే సుమారు 2 మీటర్లు, బ్రజూకావి దాదాపు 3.3 మీటర్లు. లోతూ ఎక్కువే.

ఈ అతుకుల గాడులు, పైపొర గరుకుదనం బంతిని ఆనుకుని పారే గాలిని కాస్త కలచి, వెనకవైపు దాకా అంటిపెట్టుకునేలా చేస్తాయి. వెనక సుడుల తోక సన్నబడి గాలి నిరోధం తగ్గుతుంది. నున్నటి బంతికి ఈ మార్పు ఎక్కువ వేగంలో గానీ రాదు. జబులానీకి అది సరిగ్గా ఫ్రీకిక్ వేగాల దగ్గరే పడింది. స్పిన్ లేకుండా తన్నితే ఒక పక్క అతుకు, ఇంకో పక్క నున్నటి భాగం గాలికి ఎదురై బంతి అటూ ఇటూ ఊగుతుంది. గోల్‌కీపర్ల గోలంతా అక్కడే.

2026 ప్రపంచకప్ బంతి ట్రయోండాకి 4 ప్యానెళ్లే. అందుకే అతుకులు కావాలనే లోతుగా పెట్టారు. ఆట నిబంధనల్లో మాత్రం చుట్టుకొలత 68–70 సెం.మీ., బరువు 410–450 గ్రాములు, గాలి పీడనం ఎంతుండాలో ఉంటాయి గానీ గరుకుదనం గురించి ఒక్క ముక్కా లేదు.