మంత్రాలు సరే, మరి చావు సంగతి?

మంత్రదండాలన్నా, రక్తం తాగే అందగాళ్లన్నా, మనిషిగా మారే తోడేళ్లన్నా నాకు చిన్నచూపు లేదని ముందే చెప్పేస్తాను. టీనేజీ పిల్లల కోసం రాసిన ఫాంటసీ నవలలు ఆ వయసు దాటి ఎన్నేళ్లయినా ఇంకా చదువుతూనే ఉన్నాను, కొన్నయితే రెండు మూడు సార్లు. అయితే చదివేకొద్దీ నాకో చెడ్డ అలవాటు పట్టుకుంది. పుస్తకం తెరవగానే, ఇందులో పోయినవాళ్లు పోయినట్టేనా, లేక మూడో భాగంలో తిరిగొచ్చేస్తారా అని వెతుకుతాను. తిరిగొచ్చేస్తారని అనుమానం వచ్చిందా, ఇక ఎంత పెద్ద యుద్ధం జరుగుతున్నా నాకు టెన్షన్ ఉండదు. పేజీలు తిప్పుతుంటాను, అంతే.

పెద్దవాళ్ల ఫిర్యాదు వేరు. దయ్యాలు, రక్తపిశాచాల కథలు చదివితే పిల్లలు జడుసుకుంటారని కొందరు, ఊహల్లో పడి లోకాన్ని మర్చిపోతారని కొందరు. భయం గురించి నాకు బెంగలేదు, అసలు భయపడదామనే కదా దయ్యం కథ పట్టుకునేది. నాకు పట్టింపు ఉన్నది ఇంకో చోట. పన్నెండు, పదమూడేళ్లప్పుడు చావు గురించి ఒక ఆలోచన వచ్చి కూర్చుంటుంది, ఎవరినైనా అడిగితే మాట మార్చేస్తారు. మాట మార్చకుండా ఆ పిల్లతో కాసేపు కూర్చోగలిగేది ఒక్కోసారి ఈ మాయల పుస్తకమే. అది కూడా మాట మార్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చచ్చినవాళ్లను బతికించే విద్య కథలో ఉండకూడదని కాదు నేననేది. మహాభారతం ఆదిపర్వంలో కచుడి కథే చూడండి. కచుడి గురువు శుక్రుడి దగ్గర చచ్చినవాళ్లను లేపే మృతసంజీవని విద్య ఉంది, ఇక చావుకి విలువేముంది అనుకుంటాం. రాక్షసులు కచుణ్ని కాల్చి ఆ బూడిద మద్యంలో కలిపి గురువుకే తాగించేస్తారు. ఇప్పుడు శిష్యుడు బతకాలంటే గురువు పొట్ట చీల్చుకుని రావాలి, అంటే గురువు పోవాలి. చేసేది లేక శుక్రుడు తన విద్యను కడుపులో ఉన్నవాడికి నేర్పుతాడు, వాడు బయటికొచ్చి గురువుని బతికిస్తాడు. అంతా అయ్యాక శుక్రుడి కూతురు దేవయాని శాపంతో ఆ విద్య కచుడికి ఫలించకుండా పోతుంది, ఇంకొకరికి నేర్పడానికి తప్ప. ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒకటి కట్టాల్సిందే. ఇవాళ మూడేసి, ఐదేసి భాగాలు రాసే చాలామంది కంటే ఈ కథ కట్టినవాళ్లకు ఆ లెక్క బాగా తెలుసు.

అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్‌కీ ఆ లెక్క తెలుసు. 1968లో వచ్చిన, ఆమె ఎర్త్‌సీ సిరీస్ మొదటి నవలలో గెడ్ అనే కుర్రాడు మాంత్రికుల బడిలో చదువుతుంటాడు. తోటివాడు రెచ్చగొడితే, పంతం కొద్దీ ఎప్పుడో చనిపోయిన ఒకావిడ ఆత్మను పిలుస్తాడు. ఆవిడతో పాటు ఒక నీడ బయటపడి వాడి ముఖం చీరేస్తుంది. ఆ తెరుచుకున్న దారిని మూయడానికి బడి పెద్ద తన శక్తంతా ధారపోసి ప్రాణం వదులుతాడు, గెడ్ ముఖం మీద మచ్చలు అలాగే మిగిలిపోతాయి. 1972లో వచ్చిన మూడో నవలలో ఇంకొకడు అసలు చావే ఉండకూడదని రెండు లోకాల మధ్య తలుపు తెరుస్తాడు. ఆ తలుపులోంచి లోకంలో ఉన్న మంత్రమంతా కారిపోతూ ఉంటుంది, మాంత్రికులు మాటలు మర్చిపోతారు, పనిచేసేవాళ్లకు పని మీద ఆసక్తి చచ్చిపోతుంది. దాన్ని మూసేసరికి గెడ్ శక్తంతా అయిపోతుంది. అప్పటినుంచి అతను మామూలు మనిషి. సిరీస్ నడిపిస్తున్న హీరో చేతుల్లోంచి ఉన్న ఒక్క విద్యనీ లాగేసుకోవడానికి ఎంత తెగింపు ఉండాలో ఆలోచించండి.

ఈ మాయల పుస్తకాల్లో తల్లులెందుకు అంతమంది చనిపోయి ఉంటారు? కథ నడవడానికి పెద్దవాళ్లు అడ్డం కాబట్టి అని ఒక జవాబు ఉంది, అది నిజమే. ఇంకోటి కూడా ఉంది. హ్యారీ పాటర్ రాస్తున్న మొదటి రోజుల్లో, 1990 చివర్లో, రౌలింగ్ తల్లి చనిపోయారు. 1997లో వచ్చిన మొదటి పుస్తకంలో ఒక అద్దం ఉంటుంది, మనసులో ఏది బలంగా కోరుకుంటే అది చూపిస్తుంది. హ్యారీకి అందులో కనిపించేది పోయిన అమ్మానాన్నలు. రాత్రి తర్వాత రాత్రి వెళ్లి దాని ముందు కూర్చుంటాడు, చివరికి ఒక పెద్దాయన వచ్చి ఇక దీన్ని వెతుక్కోవద్దని చెబుతాడు. పదేళ్ల తర్వాత వచ్చిన ఆఖరి పుస్తకంలో పోయినవాళ్లను రప్పించే రాయి అతని చేతికే వస్తుంది, కానీ వచ్చేవి నీడల్లాంటి రూపాలు, అడవిలో కొంచెం దూరం తోడు నడుస్తాయి. ఆ రాయి చేతిలోంచి జారిపోతే మళ్లీ వెతకడు. హ్యారీ మాత్రం చావు అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు కదా, అది మోసం కాదా అనేవాళ్లున్నారు. సగం ఒప్పుకుంటాను. మిగతా సగం ఎందుకు ఒప్పుకోనంటే, అడవిలోకి నడిచేటప్పుడు తిరిగొస్తానని వాడికి తెలియదు.

నా లెక్క పూర్తిగా తిరగబడే పుస్తకం ఒకటుంది. నార్నియా అనే మాయలోకం కథల్లో 1955లో వచ్చింది. డిగరీ అనే పిల్లాడి తల్లి మంచంలో ఉంటుంది, బతుకుతుందన్న ఆశ లేదు. ఒక తోటలోంచి యాపిల్ పండు తెమ్మని అతన్ని పంపిస్తారు. ఆ పండు మీ అమ్మకి పెడితే లేచి కూర్చుంటుంది, తీసుకుని ఇంటికి పో అని అక్కడ మంత్రగత్తె పోరుతుంది. అతను వినడు, ఏడుపు దిగమింగుకుని పండును తెచ్చి ఇవ్వాల్సిన చోట ఇచ్చేస్తాడు. ఆ తర్వాత దాన్నుంచి మొలిచిన చెట్టు పండు ఒకటి అతనికి దక్కుతుంది, తల్లి బతుకుతుంది. నా రూల్ ప్రకారం ఇది తప్పుడు లెక్క. కానీ రాసిన సి.ఎస్. లూయిస్ తల్లి 1908లో క్యాన్సర్‌తో పోయింది, అప్పుడు ఆయనకి తొమ్మిదేళ్లు. అది తెలిశాక ఆ పేజీలను తప్పుబట్టడానికి నాకు నోరు రాలేదు. ఏ వయసులోనో చేసుకున్న ప్రార్థనకి జవాబు యాభై దాటాక తనే రాసుకున్నాడనిపించింది. పైగా డిగరీ ఆ పండును ముందు వదులుకున్నాడు, ఇక తల్లి దక్కదనుకునే వదులుకున్నాడు. అది చాలా, చాలదా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది ప్యాట్రిక్ నెస్ 2011లో రాసిన నవల. ఆలోచన ఆయనది కాదు, శివాన్ డౌడ్ అనే రచయిత్రిది, ఆమె 2007లో క్యాన్సర్‌తో చనిపోతే నెస్ ఆ కథ రాశాడు. పదమూడేళ్ల కోనర్ కిటికీ దగ్గరికి రాత్రి 12:07కి యూ అనే జాతి చెట్టు ఒకటి భూతమై నడిచి వస్తుంది. జబ్బుతో ఉన్న అమ్మని కాపాడటానికే వచ్చిందని వాడు నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. అమ్మకిచ్చే ఆఖరి మందు కూడా ఆ జాతి చెట్టు నుంచే. అది పనిచేయదు. ఆ భూతం వచ్చింది వాడి నోటితో ఒక నిజం చెప్పించడానికి. అమ్మ పోవడం కంటే ఈ ఎదురుచూపు భరించలేక, ఏదో ఒకటి అయిపోతే బాగుండు అని లోపల్లోపల అనుకున్న పిల్లాడు వాడు. ఇది పిల్లల పుస్తకమా అని అడిగినవాళ్లున్నారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి నెలల తరబడి సాగితే, ఆ ఇంట్లో పిల్లలకి ఈ ఆలోచన రాకుండా ఉంటుందా? వస్తుంది, వచ్చినందుకు తాము రాక్షసులమనుకుంటారు.

జోస్యంలో చెప్పిన వీరుడు, ఇద్దరబ్బాయిల మధ్య నలిగిపోయే అమ్మాయి, రాజ్యాన్ని కూల్చే పదహారేళ్ల పిల్ల, వీటి గురించి నాకు కొత్తగా చెప్పడానికేం లేదు. బాగా రాస్తే చదువుతాను.

ట్విలైట్ సంగతి మాత్రం చెప్పాలి. ఎండలో మెరిసే రక్తపిశాచి అని దాన్ని వెక్కిరించడం పాత ఫ్యాషన్, నేను వెక్కిరించను. ఆ రక్తపిశాచి ఎడ్వర్డ్ 1918లో పదిహేడేళ్ల దగ్గర ఆగిపోయాడు. రెండో పుస్తకం మొదట్లో, అతన్ని ప్రేమించిన మనిషి పిల్ల బెల్లాకి కలొస్తుంది, ఎదురుగా ఒక ముసలావిడ, తీరా చూస్తే అది అద్దంలో తనే. లేచేసరికి తన పద్దెనిమిదో పుట్టినరోజు. వయసు అనేదాన్ని పద్దెనిమిదేళ్ల పిల్ల ఇంత దగ్గరగా చూసి వణికిపోవడం నేను చాలా పెద్ద నవలల్లో కూడా చూడలేదు. ఇంత గట్టి ప్రశ్న అడిగి, 2008లో వచ్చిన నాలుగో పుస్తకంలో రచయిత్రి ఏం చేసింది? బెల్లాని కూడా రక్తపిశాచిని చేసింది. కొత్తగా మారినవాళ్లను పిచ్చెత్తించే దాహం ఆమెని పెద్దగా ఇబ్బంది పెట్టదు, తండ్రి దూరం కాడు, బిడ్డ ఉంది, భర్త ఉన్నాడు, అందం పెరిగింది. మూడు పుస్తకాల పాటు నువ్వు చాలా పోగొట్టుకుంటావు అని బెదిరించి, తీరా బిల్లు కట్టే వేళకి మాఫీ చేసేసింది.

ఇదే బేరం ముప్పై ఏళ్ల ముందే, 1975లో, నటాలీ బాబిట్ ఒక సన్నటి పుస్తకంలో పెట్టింది. పదేళ్ల విన్నీకి అడవిలో ఒక ఊట కనిపిస్తుంది, ఆ నీళ్లు తాగితే చావు రాదు. అవి తాగిన జెస్సీ చూడటానికి పదిహేడేళ్లవాడు, నిజానికి వయసు నూట నాలుగు. ఒక సీసాలో నీళ్లు పోసి ఇచ్చి, నీకూ పదిహేడు వచ్చాక తాగు, మనం పెళ్లి చేసుకుందాం అంటాడు. విన్నీ ఆ సీసాని తీసుకెళ్లి కుక్క బారి నుంచి తప్పించిన ఒక కప్ప మీద పోసేస్తుంది. చాలా ఏళ్ల తర్వాత జెస్సీ తల్లిదండ్రులు ఆ ఊరికి తిరిగొస్తే అడవి లేదు, స్మశానంలో విన్నీ సమాధి ఉంది, 1870–1948 అని రాసి, కింద ఒకరికి భార్య, ఒకరికి తల్లి అని. బండి ఊరు దాటుతుండగా రోడ్డు మధ్యలో ఒక కప్ప కదలకుండా కూర్చుని ఉంటుంది. ముసలాయన దిగి దాన్ని ఎత్తి పక్కన పెడతాడు. ఎప్పటికీ బతుకుతాననుకుంటోంది కాబోలు, పిచ్చిది, అని విసుక్కుంటాడు. అది నిజంగానే బతుకుతుందని ఆయనకి తెలియదు.