సులువైనది యంత్రానికి, చిక్కైనది మనిషికి

కృత్రిమ మేధ గురించి శ్రీకాకుళంలో ఎవరిని కదిపినా మాట చివరకు ఇంజినీరింగ్ చదివే పిల్లల దగ్గరకే చేరుతుంది. బెంగళూరు, హైదరాబాద్ ఉద్యోగాలు ఉంటాయా, ఊడతాయా అన్నదే బెంగ. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని ప్రకటించాక ఆ బెంగకు కాస్త ఆశ తోడైంది. అయితే ఈ సాంకేతికత జనం బతుకుల్లోకి ఎలా దిగుతుందో తెలియాలంటే విశాఖ కన్నా జీడిపప్పుకు పేరుపడ్డ పలాస వైపు చూడటం మేలు.

జీడిపిక్క పప్పుగా మారాలంటే ఉడకబెట్టడం, కటింగ్, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్ అంటూ ఎన్నో చేతులు మారాలి. ఆ చేతుల్లో ఎక్కువ ఆడవాళ్లవే. గ్రేడింగ్ కూర్చుని చేసే పనే గానీ నేర్పు లేనిదే సాగదు. డబ్ల్యూ 180 అంటే పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, 180కి మించకుండా తూగే గుండ్లు, అంటే విరగని పప్పులు. డబ్ల్యూ 320 అంటే 320కి మించనివి. ఎన్ని తూగాయో లెక్కపెట్టుకుంటూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది? బల్ల మీద పప్పు పోసుకున్న మనిషి కంటితోనే సైజు పోల్చుకుంటుంది. గుండును, బద్దను, ముక్కను వేళ్లే విడదీస్తాయి. పొట్టు అంటుకున్నది, మాడినది, పురుగు తొలిచినది పక్కకు పోతాయి.

ఈ పనిలోకే కెమెరా వచ్చింది. రంగు చూసి గింజను ఏరే యంత్రం మనకు కొత్తేమీ కాదు. కొట్లో అడిగి మరీ కొనుక్కునే సార్టెక్స్ బియ్యం దాని పుణ్యమే. పాత యంత్రానికి రంగులో తేడా తెలిస్తే చాలు. కొత్త వాటికి వేలకొద్దీ ఫొటోలు చూపించి ఇది మచ్చ, ఇది పొట్టు, ఇది విరుగు అని నేర్పుతారు. పప్పు జారుతుండగానే కెమెరా చూస్తుంది, తేడాగా తోచినదాన్ని గాలి ఊది పక్కకు తోసేస్తుంది. రెప్పపాటు కూడా పట్టదు.

అంతమాత్రాన బల్ల దగ్గర మనుషుల అవసరం తీరిపోదు. యంత్రం తేల్చుకోలేనివి, పొరపాటున నెట్టేసినవి మళ్లీ ఎవరో ఒకరు చూడాల్సిందే. అసలు చిక్కు అక్కడే ఉంది. ఇదివరకు కిలో పప్పులో సింహభాగం చూడగానే తెలిసిపోయేది, మిగిలిన కొద్దిపాటి దగ్గరే కన్ను ఆగేది. సులువైన భాగాన్ని యంత్రం తీసేసుకున్నాక బల్ల మీదికి వచ్చే ప్రతి పప్పూ పేచీ పెట్టేదే. కిలోకు పట్టే సమయం పెరుగుతుంది. కూలి మాత్రం పాత కిలో రేటుకే కడితే సాయంత్రానికి చేతికందేది తగ్గుతుంది. ఎవరినీ తీసేయలేదు, రేటులో పైసా కోయలేదు అని యజమాని అంటే అది అబద్ధమూ కాదు. ఉద్యోగాలు ఎన్ని పోతాయన్న లెక్కతోనే ముగిసే చర్చలకు ఈ నష్టం ఆనదు.

యజమానులను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. యంత్రాల మీద వియత్నాం శుద్ధిచేసిన పప్పుతో ప్రపంచ మార్కెట్లో పోటీ పడాలంటే వాళ్లకూ వేరే దారి లేదు.

ఇదే తీరు ప్రభుత్వ కార్యాలయాల్లోనూ కనిపిస్తుంది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఒక ధ్రువపత్రం కోసం కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని తిరిగే బాధ తప్పితే అంతకన్నా ఏం కావాలి? కానీ ఆధార్‌లో ఒక ఇంటిపేరు, పాసుపుస్తకంలో మరొకటి ఉన్న రైతు సంగతి ఫోనులో తేలదు. ఓటీపీ ఎక్కడో వలస వెళ్లిన కొడుకు నంబరుకు పోయే ముసలమ్మ పనీ తేలదు. వాళ్లంతా సచివాలయం మెట్లే ఎక్కాలి. వరుస చిన్నదైంది గానీ అందులో ప్రతి మనిషికీ గంట పట్టవచ్చు. పై నుంచి అడిగేది మాత్రం ఈరోజు ఎన్ని అర్జీలు తేల్చావనే.

ఇక రాజాం, టెక్కలి, విజయనగరం కాలేజీల నుంచి బయటికొచ్చే పిల్లల మాట. చిన్నచిన్న ప్రోగ్రాములు, టెస్టింగ్ లాంటి తేలిక పనుల్లోనే వాళ్లు పని నేర్చుకునేవారు. అవి యంత్రానికి పోతే కొత్తగా చేరినవాడిని మొదటి రోజే అనుభవజ్ఞుడి పని అడుగుతారు. ఆ అనుభవం ఎక్కడ సంపాదించుకోవాలో ఎవరూ చెప్పరు.

సాఫ్ట్‌వేర్ కంపెనీల తీరును శ్రీకాకుళం నుంచి మార్చలేం. జీడి కూలి ఒప్పందం మన చేతిలోనిదే. యంత్రం దాటి వచ్చిన పప్పుకు వేరే రేటు కట్టాలి, లేదా ఆ పనికి గంటల లెక్కన కూలి ఇవ్వాలి. యంత్రం తప్పులను దిద్ది, దానికి మళ్లీ నేర్పే పని గ్రేడింగ్ చేసే ఆడవాళ్లకు అప్పగిస్తే అది శిక్షణ ఇచ్చే పని. దానికి వేరే వేతనం ఉండాలి. చిన్న యూనిట్లు ఈ భారం మోయలేవన్న అభ్యంతరం వస్తుంది. కేంద్రం సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఇస్తూ వచ్చింది. ప్రజల సొమ్ముతో యంత్రం కొనే చోట, దాని పక్కన కూర్చునే మనిషి రేటునూ అదే దరఖాస్తులో రాయమనడం గొంతెమ్మ కోరిక కాదు.