లైన్ మార్చిన వెంటనే జవాబు రావాలి, మర్నాడు కాదు

ఒక్క లైన్ మారిస్తే లక్షల లైన్ల ప్రోగ్రామ్‌ను మళ్లీ మొదటి నుంచి విశ్లేషించడం ఇంకా మామూలు విషయంగానే నడుస్తోంది. ఇది మారాలి. నేను చెప్పేది పాయింటర్ అనాలిసిస్ గురించి, అంటే ఏ వేరియబుల్ ఏ ఆబ్జెక్ట్‌ను చూపించవచ్చో ప్రోగ్రామ్ నడపకముందే లెక్కగట్టడం. 1994లో ఆండర్సన్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ ఆధారం, దాని ఖర్చు ప్రోగ్రామ్ సైజు మూడో ఘాతం లెక్కన పెరగవచ్చు కూడా.

కొత్త లైన్ చేరిస్తే చిక్కేం లేదు, ఒక్కో వేరియబుల్ చూపించగల ఆబ్జెక్ట్‌ల సెట్లు పెరుగుతాయి, అంతే. లైన్ తీసేసినప్పుడే అసలు తలనొప్పి. పీ, క్యూ, ఆర్ అని మూడు వేరియబుల్స్ ఉన్నాయి, పీ విలువను క్యూకి ఇచ్చే లైన్ (అసైన్‌మెంట్) తీసేశాం అనుకోండి, క్యూ సెట్‌లోంచి పీ ఇచ్చిన ఆబ్జెక్ట్‌ను కొట్టేయవచ్చా? అది ఆర్ ద్వారా కూడా వస్తుంటే కొట్టేయకూడదు. కానీ ఆర్‌కి అది క్యూ నుంచే వచ్చి ఉంటే, మూలం పోయినా రెండూ ఒకదానికొకటి దొంగసాక్ష్యం చెప్పుకుంటూ దాన్ని అట్టేపెట్టుకుంటాయి. అందుకే పాత పద్ధతులు అనుమానం ఉన్నదల్లా తుడిచేసి మళ్లీ పుట్టించేవి, ఆ పని ఒక్కోసారి మొత్తం లెక్కంత అయ్యేది. వేరియబుల్స్‌ను నోడ్‌లుగా, అసైన్‌మెంట్లను వాటి మధ్య బాణాలుగా గీసిన గ్రాఫ్‌లో ఇలాంటి చక్రాలను ఒకే నోడ్‌గా కుదిస్తే మిగిలిన గ్రాఫ్‌లో చక్రాలే ఉండవు, అప్పుడు ఆ నోడ్‌లోకి వచ్చే పక్క నోడ్‌లను అడిగితే చాలు! తీసేసిన లైన్ చక్రాన్నే తెంపితే దాన్ని మళ్లీ విడదీయాలి, నిజమే, అయినా జవాబు మొత్తం లెక్కతో అచ్చంగా సరిపోతుంది, కచ్చితత్వం ఏమాత్రం తగ్గదు.

మిషన్లు చవకయ్యాయి, రాత్రిపూట మొత్తం నడిపితే పోలా అంటారు కొందరు. ఫేస్‌బుక్ అదీ చేసి చూసింది. అక్కడ కోడ్‌లో బగ్‌లు పట్టే ఇన్ఫర్ టూల్‌ది వేరే రకం విశ్లేషణే గానీ, రాత్రి నడిపి బగ్‌లు పంచితే దాదాపు ఎవరూ పట్టించుకోలేదని, అదే విశ్లేషణను కోడ్ రివ్యూలో, అంటే మార్పును తోటివాళ్లు పరిశీలించేటప్పుడే, చూపిస్తే 70 శాతానికి పైగా సరిదిద్దారని వాళ్లే 2019లో రాశారు. టూల్ అదే, మనుషులూ వాళ్లే. మారింది సమయం ఒక్కటే.

పరిశోధన రంగం మీద నా అసలు ఫిర్యాదు ఇదే, కదలని ప్రోగ్రామ్ మీద ఒక్కసారి నడిపి కొలిచిన వేగమే ఇంకా గొప్పగా చెప్పుకుంటున్నాం. రోజూ మారే కోడ్‌కు ఆ అంకె దేనికి పనికొస్తుంది? నిజమైన ప్రాజెక్టుల కమిట్‌లను (ఒక్కొక్కటిగా నమోదైన కోడ్ మార్పులను) వరసగా పెట్టి, ఒక్కో మార్పుకు ఎంతసేపు పట్టిందో, ముఖ్యంగా లైన్లు తీసేసినప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఎంత పట్టిందో, ప్రతి పేపర్‌లోనూ అడగాలి.