అమ్మమ్మ రవ్వలకు ఫోటో మొహం లేదు

పాత వజ్రపు రవ్వల సంగతి ఏదో ఒకటి తేల్చాల్సిన టైమ్ వచ్చేసింది. అమలాపురం నుంచి భీమవరం దాకా ఏ సంబంధం కదిపినా ఇదే గొడవ. పిల్ల నచ్చుతుంది, జాతకాలు కుదురుతాయి, కొబ్బరి తోట ఎన్ని కుంచాలో రొయ్యల చెరువు ఎన్ని ఎకరాలో కూడా మర్యాదగా తేలిపోతుంది, ఆఖర్న పిల్లకి పెట్టబోయే అమ్మమ్మగారి ఏడు రాళ్ళ దుద్దుల ఫోటో వాట్సాప్‌లో వెళ్తుంది. అంతే, అవతల నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. ఆ తర్వాత ఎప్పుడో ఓ పెద్దావిడ ఫోన్ చేసి, చాలాసేపు వానల గురించి మాట్లాడి, అప్పుడు అంటుంది: "ఏమనుకోకండి వదినగారూ, రాళ్ళు కాస్త మసగ్గా ఉన్నట్టున్నాయండి. మధ్యలో చిల్లు కూడా ఉందంట, మావాడు జూమ్ చేసి చూశాడు."

చిల్లు మాట అబద్ధం కాదు, చిల్లులాంటిది ఉంది. పాతకాలం సానవాళ్ళు రాయి అడుగు మొనని సూదిలా వదిలేసేవారు కాదు, విరిగిపోతుందని కాస్త చదును చేసేవారు. పైనుంచి తిన్నగా చూస్తే వెలుగు ఆ చదునులోంచి కిందికి జారిపోయి, మధ్యలో చిన్న చుక్క కనిపిస్తుంది. చెవికి పెట్టుకున్నప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్ళు దాన్ని పట్టుకోవాలంటే వియ్యపురాలి చెవిలో మొహం పెట్టాలి, ఆ చనువు మన వైపు ఇంకా రాలేదు. అర కేరట్ రాయి అడ్డం సుమారు 5 మిల్లీమీటర్లు. ఫోన్ తెర మీద అదే అరచెయ్యంత అయిపోతుంది, చుక్క కాస్తా కొబ్బరికాయ కన్నంత అవుతుంది. అంత పెద్దది చేసి చూస్తే ఎవరి మొహం మాత్రం బాగుంటుంది?

నలుపు సంగతి ఇంకా దారుణం. వజ్రం సొంతంగా వెలగదు, ఎదురుగా ఉన్న వెలుగునే లోపల తిప్పి మళ్ళీ మన మీదికి పంపుతుంది. పాత కటింగ్‌లో పలకలు, అంటే రాయి మీద కోసిన నున్నటి ముఖాలు, పెద్దవి. ఫోన్ దగ్గరగా పెట్టి వంగి తీస్తే ఆ పలకల్లో పడేది వెలుగు కాదు, నల్లటి ఫోను, దాని వెనక ఫోటో తీస్తున్న బావగారి తలకాయ. అవతలివాళ్ళు జూమ్ చేసి కనిపెట్టే నల్లమచ్చకి ఆధార్ కార్డుంది, పాలకొల్లులో సొంతిల్లుంది, వడ్డీ వ్యాపారం కూడా ఉంది. ఇక పసుపు రంగు అంటారా, పాత రాళ్ళలో చాలావాటికి లేత ఛాయ ఉంటుంది నిజమే, కానీ పసుపు కుంకాల పళ్ళెంలో పెట్టి ఇత్తడి కుందె పక్కన ఫోటో తీసి, మళ్ళీ ఫోన్‌కి తోచినట్టు రంగులు దిద్దుకోనిచ్చి, ఆ నింద రాయి మీద వేయడం ఏం న్యాయం?

వీటిలో పలకలు తక్కువేమో అని కొందరి అనుమానం. అబ్బే. గుండ్రటి పాత కటింగ్‌లో మామూలుగా 58 పలకలు, ఇప్పుడు షాపుల్లో మెరిసే గుండ్రటి రాయికి 57 లేక 58. వాలూ కొలతలూ వేరు, అంతే. 1919లో మార్సెల్ టోల్కౌస్కీ అనే ఇంజనీరు లెక్కలు కట్టి, ఏ వాలులో కోస్తే వెలుగు బాగా తిరిగొస్తుందో తేల్చాడు. అంతకుముందు వాళ్ళు దీపాల ముందు కూర్చునే మనుషుల కోసం కోశారు: నెత్తిన పలక చిన్నది, భుజాలు ఎత్తు, అడుగు లోతు. చిన్న మంట ఒక్కటి చాలు, రాయి దాన్ని ముక్కలు చేసి రంగులుగా విసిరేస్తుంది. ట్యూబ్‌లైట్ కింద, షాపువాళ్ళు ఫోటోలకి వాడే తెల్లటి డబ్బాలో, నలువైపులా ఒకేలా వెలుగుంటే ఆ రంగులన్నీ కలిసి తెల్లబోతాయి.

తుఫాను రాత్రి కరెంటు పోయినప్పుడు చూడాలి. భోజనాల బల్ల మీద ఒకటే కొవ్వొత్తి. కొడుకుని అగ్గిపెట్టె కోసం కేకేస్తూ మా మేనత్త తల పక్కకి తిప్పింది, చెవి దగ్గర ఎర్రటి ముక్క ఒకటి తటాలున లేచింది, అది చూసేలోపు ఆకుపచ్చైంది, ఆవిడ తిట్టడం ఆపగానే రంగూ ఆగిపోయింది. కదిలితేనే ఉంది, అందులోనూ నా కుడి కంటికి పడింది ఎడమ కంటికి పడలేదు. కెమెరాకి ఉన్నదే ఒక కన్ను, పట్టేది ఒక్క క్షణం. కాబట్టి ఇరవై నాలుగ్గంటల కరెంటు ఇస్తామనే పార్టీలన్నీ పాత రవ్వలకు వ్యతిరేకమని నా నిశ్చితాభిప్రాయం.

ఇదేదో మనవాళ్ళ జబ్బు అనుకోకండి. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో కోహినూర్ పెడితే జనం ఎగబడి చూసి, ఇంతేనా అని పెదవి విరిచారు. చుట్టూ గ్యాస్ దీపాలు పెట్టి చూశారు, లాభం లేకపోయింది. మరుసటేడు విక్టోరియా రాణిగారి భర్త ఆల్బర్ట్ దగ్గరుండి మళ్ళీ సానపట్టించాడు, వెల్లింగ్టన్ డ్యూక్ చేత శంకుస్థాపన లెవెల్లో మొదటి పలక కూడా పట్టించారు. పాత తూకంలో 186 కేరట్ల రాయి ఇప్పటి తూకంలో 105.6కి దిగింది. జనం మెచ్చుకోడానికి నలభై శాతం పైగా అరగదీశారు, అప్పుడు మెరిసింది. మనింట్లోనూ ఎవరో ఒక మరిది "కొత్త కటింగ్ చేయించేద్దాం వదినా" అంటూనే ఉంటాడు. ఆల్బర్ట్ గారు తీసుకున్నది ఊరి రాయి, మరిది తీసుకునేది వదినగారి రాయి. తేడా అంతే.

కొత్త షాపుల వీడియోల గురించి ఒక్క మాట. గిర్రున తిరిగే బల్ల, పైనుంచి చుక్కలు చుక్కలుగా ఎల్‌ఈడీలు, వెనక వీణ. ఆ లైట్ల కింద పెడితే మా బాత్రూమ్ కుళాయి కూడా వజ్రమే.

అందుకని పెళ్ళివారికి నాదో మనవి. దుద్దుల ఫోటోలు అడగడం మానేసి మనుషులే రండి. పగలు వద్దు, దీపాలు పెట్టే వేళకి. కార్తీకమాసమైతే మరీ మంచిది, కోటిపల్లి రేవులో దీపాలు వదిలి అటు నుంచి అటే వచ్చెయ్యచ్చు. పిల్ల తల్లి వడ్డిస్తూ అటూ ఇటూ తిరుగుతుంటుంది, రాళ్ళు చూసుకోండి. కరెంటు మెయిన్ ఆపే పని మాది.