సవరణ: ఆ 25 శాతం ఉద్యోగినుల లెక్క కాదు

కొవిడ్ క్వారంటైన్ల మీద మొన్న పెట్టిన పోస్టులో "ఆ రోజుల్లో ఉద్యోగాలు చేసే ఆడవాళ్లలో 25 శాతం మంది డిప్రెషన్‌లో పడ్డారు" అని రాశాను. అది తప్పు. పెరుగుదల శాతాన్ని బాధితుల శాతంగా చదివాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది వేరు. మహమ్మారి మొదటి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్ ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని. అంటే నలుగురిలో ఒకరికి వచ్చిందని కాదు, అంతకుముందు వంద మందికి ఉన్నచోట నూట పాతిక మందికి అయిందని. పైగా ఇది ఆడా మగా అందరి లెక్క.

ఆడవాళ్ల మీద దెబ్బ ఎక్కువ పడిందన్న మాట మాత్రం నిజమే. 2021లో లాన్సెట్ అనే వైద్య పరిశోధన పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2020లో అదనంగా చేరిన సుమారు 5.3 కోట్ల డిప్రెషన్ కేసుల్లో దాదాపు 3.5 కోట్లు స్త్రీలవి. బడులు మూతపడి ఇంటి చాకిరీ, పిల్లల బాధ్యత వాళ్ల మీదే ఎక్కువగా పడటం, ఉపాధి పోవడం ఇందుకు కారణాలై ఉండొచ్చని పరిశోధకులు అన్నారు. క్వారంటైన్ ఒక్కటే కారణమన్నట్టు నేను రాసిందీ సరికాదు.

పాత పోస్టులో ఆ వాక్యాలు మార్చాను. ఎవరికైనా పంపి ఉంటే ఇదీ పంపండి.