ఈ వారం సభలో మా కోసం ఏమడిగారు?

శాసనసభ సమావేశాలు నడిచే రోజుల్లో పొద్దున ఏడు గంటలకు హైదరాబాద్‌లో ఏ ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడి చూసినా మన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మనుషులు కనిపిస్తారు. అచ్చంపేట నుంచి తెల్లవారకముందే బస్సెక్కిన తండ్రి చేతిలో కొడుకు ఆపరేషన్ కాగితాలుంటాయి. నిమ్స్‌లో చేర్చుకోవాలంటే ఎల్‌వోసీ (వైద్యం ఖర్చు ప్రభుత్వం భరిస్తుందని ఆసుపత్రికి ఇచ్చే పత్రం) కావాలి, ఎల్‌వోసీకి ఎమ్మెల్యే లెటర్ కావాలి. దేవరకొండ టీచరమ్మ బదిలీ కోసం వస్తుంది. మక్తల్ నుంచి నలుగురు భూమి పాసుబుక్కులో తప్పు దిద్దించమని వస్తారు. పెళ్లి పత్రిక పట్టుకొచ్చేవాళ్లు సరేసరి. అందరి గోడు విని, సంతకాలు పెట్టి, రెండు మూడు ఫోన్లు చేసి కారెక్కేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. పదింటికి సభలో ప్రశ్నోత్తరాలు మొదలవుతాయి. ఆ రోజు ఏ ప్రశ్నలున్నాయో చూసుకోవడానికి మిగిలేది కారులో గడిచే ఆ కాస్త సమయమే.

ఆ తండ్రిని మేము తప్పు పట్టడం లేదు. ఆయనకు ఆ లెటర్ బిడ్డ ప్రాణంతో సమానం. లెటర్ రాసిచ్చిన ఎమ్మెల్యేనూ తప్పు పట్టడం లేదు. కానీ అచ్చంపేటలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఆ ఆపరేషన్ ఎందుకు జరగడం లేదని, అక్కడ ఎన్ని డాక్టర్ పోస్టులు ఖాళీగా ఉన్నాయని అడగాల్సిన చోటు ఒకటుంది. అది శాసనసభ. అక్కడ ఆ ప్రశ్న పడితే రేపు ఇంకో తండ్రి తెల్లవారుజామున బస్సెక్కాల్సిన అవసరం తగ్గుతుంది. లెటర్ ఎంతమందైనా రాసివ్వగలరు. ఆ ప్రశ్న అడిగే హక్కు మాత్రం మన ఎమ్మెల్యేకే ఉంది.

తెలంగాణ శాసనసభలో 119 స్థానాలున్నాయి. అందులో ఉమ్మడి నల్లగొండవి 12, ఉమ్మడి మహబూబ్‌నగర్‌వి 14. అంటే 26 మంది. సభలో ఐదో వంతుకు మించిన బలం ఇది. ముఖ్యమంత్రి కొడంగల్ నుంచి గెలిచినవారు. మండలి చైర్మన్ నల్లగొండ జిల్లావారు. ఇంత బలం ఉన్న ప్రాంతం సభ నడిచిన వారంలో ఏం అడిగింది, ఏం రాబట్టింది అని ఎవరైనా అడిగితే చూపించడానికి మన చేతిలో ఒక్క కాగితం కూడా ఉండదు. టీవీలో చూసిన కేకలు, వాకౌట్లు గుర్తుంటాయి. మార్షల్స్ ఎవరిని ఎత్తుకుని బయటికి తెచ్చారో గుర్తుంటుంది. సభ్యులు స్థానిక సమస్యలు లేవనెత్తే జీరో అవర్‌లో మన ఊరి చెరువు పేరు వినిపించిందో లేదో గుర్తుండదు, ఎందుకంటే ఎవరూ మనకు చెప్పలేదు.

సభ్యులకు ఉన్న ఆయుధాలు చిన్నవేమీ కావు. నక్షత్ర గుర్తు ప్రశ్ననే తీసుకోండి. ముందుగా నోటీసు ఇస్తే, ఆ ప్రశ్న జాబితాకెక్కితే, మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబొస్తుంది. ఎలా వచ్చినా అది రికార్డు. కలెక్టరేట్ చుట్టూ ఆరు నెలలు తిరిగినా దొరకని లెక్క ఒక్క ప్రశ్నతో బయటికొస్తుంది.

ఆర్డీఎస్ (రాజోలిబండ మళ్లింపు పథకం) సంగతి చూడండి. తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట నుంచి అలంపూర్, గద్వాల ప్రాంతానికి రావాల్సిన నీళ్లు 15.9 టీఎంసీలు. పారాల్సిన భూమి 87,500 ఎకరాలు. కాగితం మీద దశాబ్దాలుగా ఇవే అంకెలు. చివరి ఆయకట్టు రైతుకు ఇవి అంకెలే తప్ప నీళ్లు కావు. దీని మీద సభలో ఆవేశంగా మాట్లాడినవారు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. ఆవేశం మంచిదే. కానీ మాకు అంతకన్నా విలువైనది ఇలాంటి ప్రశ్న: గత పదేళ్లలో ఏడాదివారీగా సరిహద్దు దాటి మన కాలువలోకి వచ్చిన నీళ్లెన్ని, ఏ డిస్ట్రిబ్యూటరీ కింద ఎన్ని ఎకరాలు తడిశాయి, ఆధునికీకరణ పనులు ఎక్కడ ఆగాయి, ఎవరి వల్ల ఆగాయి? ఉపన్యాసానికి మంత్రి ఉపన్యాసంతోనే జవాబిస్తారు. ఇలాంటి ప్రశ్నకు అంకెతో జవాబివ్వక తప్పదు. ఆ అంకె తప్పయితే గట్టు మీద నిలబడ్డ రైతు ఒక్క నిమిషంలో పట్టేస్తాడు.

శ్రీశైలం సొరంగం విషయం మా మనసును ఇంకా కలచివేస్తోంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వేరే రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. వలస అంటే ఏమిటో తెలిసిన పాలమూరు నేల మీద, నల్లగొండకు నీళ్లు తెచ్చే పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత 25 రోజులకు, మార్చి 19న, సభలో 3,04,965 కోట్ల రూపాయల బడ్జెట్ పెట్టారు. అప్పటికింకా రక్షణ బృందాలు బురదలో వెతుకుతూనే ఉన్నాయి. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. పూర్తయితే పంపులు, కరెంటు బిల్లులు లేకుండా కృష్ణా నీళ్లు దానంతటవే పారి వస్తాయి. అది పూర్తి కాలేదు కాబట్టే ఇవాళ నాగార్జునసాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర పంపులతో ఎత్తి పోసుకుంటున్నాం. ఆ పంపులకు ఏటా కరెంటు ఖర్చెంత? సొరంగం ఆలస్యం వల్ల ఇప్పటిదాకా అయిన అదనపు ఖర్చెంత? పనిచేసేవాళ్ల భద్రతను ఎవరు తనిఖీ చేశారు, ఎన్నాళ్లకోసారి చేశారు? ఈ ప్రశ్నలకు పార్టీ రంగు లేదు. ఏ ప్రభుత్వంలో ఎంత తవ్వారన్న పాత గొడవతో సభా సమయం గడిచిపోతే నష్టపోయేది నల్లగొండే.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల సంగతీ ఇంతే. 2015 జూన్ 11న కరివెన దగ్గర శంకుస్థాపన జరిగింది. 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్‌లో పంపు తిప్పారు. 12 లక్షల ఎకరాలకు పైగా పారించాలన్నది లక్ష్యం. ఉద్దండాపూర్ రిజర్వాయర్ కింద ఊళ్లు, పొలాలు వదులుకున్నవాళ్లు పరిహారం కోసం ఎన్నేళ్లు తిరగాలి? బడ్జెట్ పుస్తకంలో నీటిపారుదల పద్దు (ఆ శాఖ ఖర్చుకు సభ మంజూరు చేసే మొత్తం) కింద ఆ ప్రాజెక్టుకు రాసింది ఎంత, గడిచిన ఏడాది రాసినదాంట్లో నిజంగా విడుదలైంది ఎంత? ఈ రెండు అంకెల మధ్య తేడాను పట్టుకోవడమే పద్దుల మీద చర్చలో ఎమ్మెల్యే చేయాల్సిన అసలు పని. ఆ పుస్తకాలు లావుగా ఉంటాయి, చదవడం కష్టం, నిజమే. ఒక్కో రోజు ఎన్నో శాఖల పద్దులను కలిపి చర్చకు పెడతారు. మాట్లాడటానికి దొరికేది కొద్ది నిమిషాలు. అందుకే ముందు రాత్రి కూర్చుని చదవాలి. చదవకుండా వెళ్లినవారి నిమిషాలు ముఖ్యమంత్రికి పొగడ్తగానో, ప్రతిపక్షానికి తిట్టుగానో ఖర్చయిపోతాయి. ఆ తర్వాత, ఖజానా నుంచి ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు పాసవుతుంది. మన ఏడాది బాగోగులు ఆ పూటతో తేలిపోతాయి.

చదవడానికి సాయం కావాలంటే మనుషులు దూరంలో లేరు. మహబూబ్‌నగర్‌లో 2008 నుంచి పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. నల్లగొండలో 2007 నుంచి మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది. ఎకనామిక్స్, రాజనీతిశాస్త్రం చదివి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఊరూరా ఉన్నారు. సమావేశాలున్నన్నాళ్లు ఒక్కో ఎమ్మెల్యే ఇద్దరేసి పిల్లలను పక్కన పెట్టుకుని, ఈ పద్దు చూడండి, ఆ పాత జవాబు వెతకండి అని చెబితే చాలు. పీఏలకు సిఫారసు లెటర్లతోనే పొద్దు గడిచిపోతోంది.

హాజరు గురించి కూడా చెప్పాలి. సభ అనుమతి లేకుండా 60 రోజులు రాకపోతే ఆ సభ్యుడి సీటు ఖాళీ అయినట్టు ప్రకటించవచ్చని రాజ్యాంగం 190వ అధికరణంలో ఉంది. వినడానికి గట్టి నియమమే. అయితే సభ వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడితే ఆ రోజులు ఈ లెక్కలోకి రావు. ఇటీవలి ఏళ్లలో మన సభ ఏడాది పొడుగునా కలిపినా 60 రోజులు కూర్చోవడం లేదు. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదన్న నిబంధనను దాటకుండా చూసుకుంటే చాలన్నట్టు తయారైంది పరిస్థితి. కూర్చునేదే కొన్ని రోజులైనప్పుడు అందులో ఒక్క పూట పోయినా పెద్ద నష్టమే. మధ్యాహ్నం భోజనం తర్వాత ఖాళీ బెంచీలు చూస్తే మాకు బాధేస్తుంది. 12 మంది ఉంటే కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య, సరిపోతుంది. కానీ కోరం సరిపోయినంత మాత్రాన చర్చ జరిగినట్టు కాదు.

ఈ ఖాళీ బెంచీల్లో మన పాత్ర ఉందని పాఠకులకు చెప్పకపోతే మేము నిజాయితీగా రాసినట్టు కాదు. బుధవారం సభలో ఆరోగ్య శాఖ పద్దు మీద చర్చ ఉంటుంది. అదే బుధవారం మిర్యాలగూడలో ఒక పెళ్లి, పక్క మండలంలో ఒక దశదినకర్మ ఉంటాయి. ఎమ్మెల్యే పెళ్లికి రాకపోతే 'గెలిచినంక మనల్ని మర్చిపోయిండు' అంటాం. చర్చకు పోకపోతే ఎవరూ ఏమీ అనరు. ఎన్నికల్లో ఓటు దేని మీద పడుతుందో ఎమ్మెల్యేలకు మనకన్నా బాగా తెలుసు. కల్యాణలక్ష్మి 1,00,116 రూపాయల చెక్కు ఎమ్మెల్యే చేతి మీదుగానే అందాలని ఫంక్షన్ హాల్‌లో గంటలకొద్దీ కూర్చోబెడతారు. ఆ డబ్బు ప్రభుత్వానిది, ఆ ఆడపిల్ల హక్కు. బ్యాంకు ఖాతాలో నేరుగా పడితే ఆమెకూ సుఖం, ఎమ్మెల్యేకూ ఒక రోజు మిగులుతుంది. సమావేశాలున్నన్ని రోజులు చెక్కుల పంపిణీ సభలు పెట్టొద్దని 26 మందినీ కోరుతున్నాం.

ఈ నేల మంచి సభ్యులను చూడనిది కాదు. కల్వకుర్తి నుంచి 1969 మొదలు 1984 దాకా ఎమ్మెల్యేగా ఉన్న సూదిని జైపాల్‌రెడ్డి తర్వాత పార్లమెంటుకు వెళ్లి 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్నారు. ఆ చదువు, ఆ మాట తీరు కల్వకుర్తి నుంచే మొదలయ్యాయి. నకిరేకల్ నుంచి రెండుసార్లు గెలిచి సీపీఎం శాసనసభాపక్ష నేతగా పనిచేసిన నోముల నర్సింహయ్య మన పల్లె మాటల్లోనే పేదల సంగతి సభలో చెప్పేవారు. చేతిలో కొద్దిమంది సభ్యులే ఉన్నా సభ చేత వినిపించుకోవచ్చని ఆయన్ను చూసినవారికి తెలుసు.

మేము కోరేది పెద్దదేమీ కాదు. సమావేశాలు జరిగే ప్రతి వారం చివర, శనివారం సాయంత్రమో ఆదివారం పొద్దునో, ఎమ్మెల్యే తన నియోజకవర్గంలో ఏదో ఒక మండల కేంద్రంలో ఒక గంట కూర్చోవాలి. చేతిలో ఒక్క కాగితం చాలు. ఈ వారం ఎన్ని రోజులు సభకు వెళ్లారు, ఏ ప్రశ్న అడిగారు, మంత్రి ఏం చెప్పారు, ఏ పద్దు మీద మాట్లాడారు, ఏ బిల్లుకు ఎందుకు ఓటేశారు, వచ్చే వారం ఏం అడగబోతున్నారు. ఆ కాగితాన్నే పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. అలంపూర్, గద్వాల లాంటి దూరపు నియోజకవర్గాల వారికి ప్రతి వారం రావడం భారమే, రానుపోను నాలుగు వందల కిలోమీటర్లు. వారు వీడియో కాల్‌లో మాట్లాడినా సరే. వలస పోయి ముంబైలోనో పుణెలోనో గుంపు మేస్త్రీల (కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లేవారి) కింద పనిచేస్తున్న మనవాళ్లు కూడా ఫోన్‌లో చూసుకుంటారు.

ప్రతిపక్ష సభ్యులు, మమ్మల్ని మాట్లాడనివ్వలేదు అంటారు. చాలాసార్లు అది నిజం. అయితే మైక్ దొరకని రోజు ఏం అడగాలని రాసుకెళ్లారో ఆ కాగితంలో చూపించాలి. అధికార పక్షం సభ్యులు, మా ప్రభుత్వాన్ని మేమే ఎలా ఇరుకున పెడతాం అంటారు. మంత్రి కాని ప్రతి ఎమ్మెల్యే ప్రశ్న అడగడానికే గెలిచారు. మర్రిగూడలో ఫ్లోరైడ్‌తో వంగిపోయిన ఎముకల గురించి అడిగితే ఏ ప్రభుత్వమూ పడిపోదు.

పత్రికగా మా వంతు తప్పూ ఉంది. వాకౌట్ ఫొటోకు మొదటి పేజీ ఇచ్చి, రాతపూర్వక జవాబులను లోపలి పేజీల్లో కూడా వేయకుండా వదిలేసిన రోజులున్నాయి. దాన్ని దిద్దుకుంటున్నాం. వచ్చే సమావేశాల నుంచి ప్రతి ఆదివారం జిల్లా పేజీలో 26 నియోజకవర్గాల పేర్లతో ఒక పట్టిక వేస్తాం. కొడంగల్ నుంచి కోదాడ దాకా, ఆలేరు నుంచి అలంపూర్ దాకా. ముఖ్యమంత్రి, మంత్రుల పేర్ల పక్కన ఆ వారం మన ప్రాంతం గురించి సభలో వారిచ్చిన జవాబులు వేస్తాం. మిగతావారి పక్కన ఎన్ని రోజులు హాజరయ్యారు, ఏం అడిగారు, ఏం జవాబొచ్చింది అనే మూడు గడులుంటాయి. శుక్రవారం రాత్రిలోగా ఎమ్మెల్యేలు పంపిన వివరాలను సభ రికార్డుతో సరిచూసి వేస్తాం. అడగనివారి గడి ఖాళీగానే అచ్చవుతుంది.