ఓ పసుపు గొడుగా, ఒక్కసారైనా విప్పుకున్నావా?

గైడ్ గారి చేతిలోని పసుపు గొడుక్కి,

నమస్కారం. నేనెవరో నీకు గుర్తుండదు. 2024 జూన్‌లో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ నుంచి ప్లిట్‌విట్సే సరస్సులకి వెళ్ళిన ఒక్కరోజు ట్రిప్పులో నీ వెనక నడిచిన 43 మందిలో నేనొకదాన్ని. పైనుంచి చూసే నీకు మా నెత్తులన్నీ ఒకేలా కనిపించి ఉంటాయి, దానికి నిన్నేమీ అనను. కానీ కిందనుంచి చూసిన నాకు నువ్వు తప్ప ఇంకేమీ కనపడలేదు, గొడవంతా అదే. ఇంటికొచ్చి ఫోన్ తెరిచి చూస్తే మొత్తం 212 ఫోటోలు. మా అత్తయ్య ముప్ఫైయింటిలో ఉంది, మావయ్య పాతికలో, మా ఆయన ఎప్పట్లాగే సగం మొహంతో ఓ పదింటిలో. నువ్వు 61 ఫోటోల్లో ఉన్నావు. లెక్కపెట్టాను.

అసలు ఇదంతా ఎలా మొదలైందో చెప్తాను. మేముండేది జర్మనీలో. అత్తయ్య, మావయ్య చిత్తూరు నుంచి ఎండాకాలం గడపడానికి వచ్చారు. క్రొయేషియా 2023 జనవరి 1న, ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల షెంగెన్ కూటమిలో చేరింది, అదే రోజు యూరోలోకీ మారింది, అంటే వాళ్ళ వీసా అక్కడా చెల్లుతుంది, డబ్బు మార్చుకునే పనీ లేదు, ఇంకేం, పోదాం అనుకున్నాం. మన దారిన మనం వెళ్దాం అని నేను, అమ్మో, నీళ్ళ మీద చెక్క దారులు, పక్కన పెద్దవాళ్ళు, టికెట్టుకి ఏ గంటలో లోపలికి వెళ్తామో ముందే చెప్పి బుక్ చేసుకోవాలట, ఎందుకొచ్చిన టెన్షన్, గైడ్ ఉంటే నిశ్చింతగా చూడొచ్చు అని మా ఆయన. నిశ్చింత అన్న మాట ఆయనదే, నాది కాదు.

ఉదయం 8 గంటలకి బస్సు దగ్గర నిన్ను మొదటిసారి చూశాను. ఆకాశం నిర్మలంగా ఉంది, నువ్వు మాత్రం ముడుచుకుని, నిటారుగా, అందరికన్నా రెండడుగుల ఎత్తున నిలబడి ఉన్నావు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని మన సామెత. ఆ అల్పుడైనా కనీసం గొడుగు విప్పమన్నాడు కదా! మా ఊళ్ళో ఉత్సవాలప్పుడు దేవుడి మీద గొడుగు పడతారు, జనం దేవుడికి దణ్ణం పెడతారు. ఇక్కడ గొడుగే దేవుడు. ఊరేగింపు, వెనక భక్తులు, మధ్యలో ఆగితే తిట్లు, అన్నీ సరిగ్గా కుదిరాయి. ప్రసాదం ఒక్కటే తక్కువ.

దారిలో రస్తోకె అనే ఊరి దగ్గర ఆపారు. స్లూన్యిచిత్సా అనే చిన్న నది ఊరి ఇళ్ళ మధ్యలోంచే, ఇళ్ళ కిందనుంచే జారి కొరానా నదిలో పడుతుంది, మీద పాత నీటి మరలు. ఊళ్ళో జలపాతాలు ఉండటం కాదు, జలపాతాల్లో ఊరుంది. ముప్ఫై నిమిషాలు ఇచ్చారు. అందులో పదిహేను బాత్రూం క్యూకి పోయాయి, ఐదు నువ్వెక్కడున్నావో వెతుక్కోవడానికి.

బస్సులో మీ గైడమ్మాయి మాట్లాడుతూనే ఉంది. ప్రతిదీ స్పానిష్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. స్పానిష్ వాళ్ళకి ఐదు నిమిషాలు చెప్పేది, వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు, తర్వాత మా వైపు తిరిగి "దారి తడిగా ఉంటుంది, జాగ్రత్త" అనేది. ఆ ఐదు నిమిషాల్లో ఏముందో ఇప్పటికీ మాకు అంతుపట్టలేదు. ఒక్కచోట మాత్రం రెండు భాషల్లోనూ ఒకేలా, పొట్టిగా చెప్పింది. 1991 మార్చి 31, ఈస్టర్ ఆదివారం, ఈ సరస్సుల దగ్గరే కాల్పులు జరిగాయి, యోసిప్ యోవిచ్ అనే క్రొయేషియా పోలీసు చనిపోయాడు, అవతలి వైపు ఒక సెర్బు చనిపోయాడు, క్రొయేషియా స్వాతంత్ర్య యుద్ధంలో తొలి మరణాలు అవి. ఆ తర్వాత ఈ చోటుని యునెస్కో ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టి, 1997లో గానీ తీయలేదు. అది చెప్పి, ఒక్క క్షణం ఆగి, టాయిలెట్లు ఎక్కడున్నాయో చెప్పింది. ఆమెని తప్పుపట్టను. రోజూ చెప్పాలంటే అలాగే చెప్పగలరేమో.

పార్కు గేటు దగ్గర మళ్ళీ నువ్వు. వేసవిలో టికెట్టు పెద్దవాళ్ళకి తలకి 40 యూరోలు అని తెలియగానే మావయ్య దాన్ని రూపాయల్లోకి మార్చి, ఆ తర్వాత గంటసేపు మౌనం పాటించారు. లోపల ఎక్కడ చూసినా దారులకి అక్షరాలు: ఎ, బి, సి, ఇ, ఎఫ్, హెచ్, కె. డి ఏమైంది, జి ఎక్కడికి పోయింది అని మా ఆయన తెగ ఆలోచించారు. మనది సి, అంటే కింది సరస్సులు, పడవ, పై సరస్సులు, చివర బండి. ఎనిమిది కిలోమీటర్లు, నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుందని బోర్డు మీద ఉంది. నువ్వు మాకిచ్చింది నాలుగు.

గొడుగా, నీకు ఒక విషయం చెప్పాలి. నువ్వు అన్ని వందలసార్లు అక్కడికి వెళ్ళావు గానీ నువ్వెప్పుడూ కిందికి చూడలేదు కదా, అందుకని చెప్తున్నాను. ఆ జలపాతాల్లో నీళ్ళు గొప్ప కాదు, గోడ గొప్ప. ఆ కొండలన్నీ సున్నపురాయి. నీళ్ళు ఆ రాయిని కరిగించుకుని వస్తాయి, ఎక్కడ దూకుతాయో, ఎక్కడ చిందుతాయో అక్కడ వాటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, దాంతో సున్నం నీళ్ళలో నిలవలేక అక్కడున్న నాచు మీద పేరుకుంటుంది. నాచు అడుగున రాయైపోతూ పైన పచ్చగా పెరుగుతూ ఉంటుంది. బోరు నీళ్ళు వాడే ఇంట్లో గీజర్ కాయిల్ బయటికి తీస్తే తెల్లగా పెళ్ళలు కట్టి ఉంటుంది చూశావా, పని అదే, కాకపోతే ఇక్కడ తీరిగ్గా, అందంగా చేసింది. అలా నీళ్ళు తమకి తామే ఆనకట్టలు కట్టుకుంటే వాటి వెనక సరస్సులు నిలిచాయి, ఒకదాని కింద ఒకటి, పేర్లున్నవే 16. గోడ పెరిగేది ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు. ఏడాదికి ఒక సెంటీమీటరు! ఆ గోడ ముందు నువ్వు మాకిచ్చిన సమయం "త్రీ మినిట్స్ ఫర్ ఫోటో".

ఇదంతా నేను అక్కడ విన్నది కాదు, ఇంటికొచ్చి చదువుకున్నది. అక్కడ నేను విన్నది "కీప్ రైట్ ప్లీజ్". చెక్క దారి ఇద్దరు పట్టేంత వెడల్పు, చాలాచోట్ల పట్టుకోవడానికి కమ్మీ ఉండదు, కింద నీళ్ళు. ఎదురుగా ఇంకో గొడుగు, ఎర్రది, దాని వెనక ఇంకో నలభై మంది. పల్లెటూరి వంతెన మీద రెండు ఆర్టీసీ బస్సులు ఎదురుపడ్డట్టే. మధ్యలో ఒకాయన తన భార్యని నీళ్ళ వైపు చూడమని, నవ్వమని, మళ్ళీ చూడమని ఫోటోలు తీస్తుంటే రెండు దేశాల ట్రాఫిక్ ఆగిపోయింది. నా కాళ్ళ కింద, చెక్కల సందుల్లోంచి, గ్లాసులో పోసినంత తేటగా నీళ్ళు పోతున్నాయి. వంగి చూద్దామనుకునేలోపు నువ్వు ఊగావు. వెళ్ళాను.

వెలికి స్లాప్ దగ్గర మాత్రం మా వాళ్ళు తిరుగుబాటు చేశారు. పేరు విని భయపడకు, స్లాప్ అంటే వాళ్ళ భాషలో జలపాతం, వెలికి అంటే పెద్ద. 78 మీటర్లు, ఆ దేశంలో దానికన్నా ఎత్తైనది లేదు. మావయ్య ఒక గంట మౌనం వదిలి, "మన తలకోన 270 అడుగులు, ఇది 256, లెక్కేస్తే మనదే పెద్దది, పైగా అక్కడ స్నానం చెయ్యనిస్తారు" అన్నారు. ఇక్కడ స్నానం కాదు కదా, కాలు పెట్టనివ్వరు. ఈత నిషేధం. నీళ్ళు చెడితే నాచు, నాచు చెడితే గోడ, గోడ పోతే సరస్సే ఉండదు, న్యాయమే. కానీ ఇన్ని నీళ్ళు చూసి నెత్తిన నాలుగు చుక్కలైనా చల్లుకోకుండా ఎలా వెళ్తాం అని అత్తయ్య పేచీ. ఆ సమస్య జలపాతమే తీర్చింది, తుంపర ఎగిరొచ్చి ఆవిడ మొహమంతా తడిపింది. కళ్ళు మూసుకుని "గోవిందా" అంది. అదే సమయంలో నువ్వు ఊగావు. ఫోటోలో జలపాతం ఉండాల్సిన చోట, సరిగ్గా ఆ 78 మీటర్లూ కప్పేస్తూ, నువ్వున్నావు.

ఇక వాన సంగతి. మిలనొవాత్స్ సరస్సు దగ్గర, మిల్కా త్ర్నినా అనే ఒపెరా గాయని పేరున్న జలపాతాల దగ్గరికి వచ్చేసరికి కుండపోత. (ఆవిడ కచేరీ డబ్బులు ఈ సరస్సుల సంరక్షణకి ఇచ్చిందట, అందుకు ఆ పేరు. ఆ ఒక్క ముక్క నాకు ఇంగ్లీషులో పూర్తిగా చెప్పారు, కృతజ్ఞతలు.) 43 మంది రెయిన్‌కోట్లు, ప్లాస్టిక్ కవర్లు, చున్నీలు నెత్తిన కప్పుకుంటున్నారు. మావయ్య పార్కు మ్యాపుని టోపీ చేసుకున్నారు. గైడమ్మాయి తడిసి ముద్దైపోయింది. నువ్వు ఆమె చేతిలోనే ఉన్నావు, ముడుచుకునే ఉన్నావు. విప్పితే వందమందిలో ఒక గొడుగువి, ముడుచుకుంటే అధికారివి, అంతే కదా నీ లెక్క? వానలో తడుస్తున్న మనిషి చేతిలో ముడిచిన గొడుగుని చూసి అత్తయ్య, "పాపం ఆ పిల్ల గొడుగు చెడిపోయినట్టుంది" అంది. నేను సరిచెయ్యలేదు.

పడవల రేవు దగ్గర పచ్చిక మైదానంలో భోజనానికి అరగంట. పక్కన దుకాణంలో కోళ్ళు కాలుతున్నాయి, మేము పులిహోర డబ్బా తీశాం. ఇంగువ వాసనకి ఓ స్పానిష్ కుటుంబం మా వైపు తిరిగింది, పెద్దావిడ రెండో చెంచా కూడా అడిగింది. ఆ రోజంతట్లో రెండు భాషల వాళ్ళకీ ఒకేసారి, ఒకేలా అర్థమైన విషయం అదొక్కటే.

ఆ తర్వాత కొజ్యాక్. అన్నిట్లోకీ పెద్ద సరస్సు, తోడేళ్ళని తప్పించుకోబోయి పల్చటి మంచు మీద పరుగెత్తిన మేకలు మునిగిపోయాయని ఆ పేరు పెట్టారని కథ. పైన ఇంకో సరస్సుకి, అందులో మునిగిపోయిన మిలె అనే ఆయన పేరు పెట్టారట. ఈ ఊరివాళ్ళు పేరు పెట్టాలంటే ముందు ఎవరో ఒకరు మునగాలి కాబోలు. పడవ కరెంటుది, చప్పుడే లేదు, ఇరవై నిమిషాలు నీళ్ళ మీద జారినట్టు వెళ్ళింది. దిగాం. గైడమ్మాయి అలవాటుగా చెయ్యెత్తింది.

చేతిలో నువ్వు లేవు.

నువ్వు పడవలో బెంచీ కింద ఉండిపోయావు, పడవేమో ఇంకో మందని ఎక్కించుకుని వెనక్కి మళ్ళింది. ఆమె ఎవరికో ఫోన్ చేసింది, పది నిమిషాలు ఆగమంది. ఆ పది నిమిషాలు మాకు ఎటు చూడాలో తెలియలేదు. నిజంగా చెప్తున్నాను, మొదట భయమేసింది. నేను, రోజంతా నిన్ను తిట్టుకున్న నేను, పడవ పోయిన వైపే చూస్తూ నిలబడ్డాను. తర్వాత మావయ్య చెక్కల మీద కూర్చున్నారు, ఆయన్ని చూసి ఇంకొందరు కూర్చున్నారు. నీళ్ళు మొదట ఆకుపచ్చగా ఉన్నాయి, మబ్బు తొలగాక నీలం. చేపలు ఒడ్డు దాకా వచ్చి, నీళ్ళలో కాకుండా గాలిలో వేలాడుతున్నట్టు నిలబడ్డాయి. ఎక్కడో పైన ఏవో నీళ్ళు దూకుతున్న చప్పుడు, ఒకటి కాదు, పది వైపుల నుంచి. అప్పటిదాకా ఆ చప్పుడు లేదా, ఉన్నా మాకు వినపడలేదా? అత్తయ్య "ఇక్కడే ఉండిపోదామా" అంది. ఫోటో ఎవరూ తీయలేదు. 212లో ఆ పది నిమిషాలవి ఒక్కటీ లేవు.

నువ్వు రాలేదు. గైడమ్మాయి నిట్టూర్చి, బ్యాగులోంచి సగం తాగిన నీళ్ళ సీసా తీసి పైకెత్తింది. నువ్వు బాధపడకూడదని ఈ సంగతి దాచుదామనుకున్నాను గానీ చెప్పేస్తున్నాను. 43 మందిమీ హమ్మయ్య అనుకుని లేచాం, ఆ సీసా వెనకే పై సరస్సులన్నీ తిరిగాం. ఒక్కరంటే ఒక్కరు కూడా గొడుగేదని అడగలేదు. చివర బండి కోసం క్యూలో నిలబడ్డప్పుడు ఆమె ఆ సీసాలో నీళ్ళు తాగితే, అందరం ఒక్కసారి కంగారుపడి ఆగిపోయాం.

నిన్న ఫోటోలన్నీ మా అమ్మకి వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోన్ చేసింది. జలపాతాలు బాగున్నాయంది, మీ అత్తగారు చిక్కినట్టుందంది, తర్వాత, "అవునూ, ప్రతి ఫోటోలో ఉంది, ఆ పసుపు గొడుగు ఎక్కడ కొన్నావే? రంగు భలే ఉంది. వానకి ఆగుతుందా?" అని అడిగింది.

తెలీదమ్మా, విప్పి చూడలేదు అన్నాను.

ఇట్లు,
43 మందిలో ఒకదాన్ని